కొలవకుండా ఇంజిన్‌ను కోయవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

నగరంలోని పాత కార్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం కాలపు రోల్స్‌రాయిస్ గురించి రాసిన భాగం ఎంతో బాగుంది. అయితే వ్యాసం చివరి భాగంలో, 1960ల నాటి స్పోర్ట్స్ కారుకు శక్తి పెంచాలంటే ఇప్పటి కారు ఇంజిన్ తెచ్చి బిగించడమో, లేకపోతే సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ అడుగును బాగా ప్లేనింగ్ (చెక్కడం) చేయించి, గాలిలో పెట్రోలు కలిపే పెద్ద కార్బొరేటర్లు, లావుపాటి సైలెన్సర్ పెట్టించడమో దగ్గరి దారి అన్నట్టుగా రాసిన నాలుగైదు వాక్యాలు నన్ను కలవరపెట్టాయి. మా వీధిలోని ఒక కుర్రవాడు ఆ వాక్యాలు చదివి, తన తాతగారు వదిలివెళ్లిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారును మరునాడే షెడ్డుకు తోలుకుపోవడానికి సిద్ధమై, వెళ్లేముందు నా సలహా అడగడానికి వచ్చాడు. అతనికి చెప్పిన మాటలనే మీ పాఠకులకూ చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో మెషిన్ షాపులో పనిచేసి రిటైరైనవాడిని నేను. మా మేనమామ గారి దగ్గర నుంచి నాకు వచ్చిన 1967 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారును ఇన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. ఆ కారు ఇంజిన్ 1798 సీసీ. కంపెనీ చెప్పిన శక్తి 5400 ఆర్‌పీఎం దగ్గర 95 హార్స్‌పవర్. విదేశీ స్పోర్ట్స్ కారు అనగానే మన మెకానిక్‌లు చేయి పెట్టడానికి భయపడతారు కానీ, ఈ ఇంజిన్ మనకు పరాయిది కాదు. దశాబ్దాల పాటు మన రోడ్లన్నీ తిరిగిన పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, ఎంజీబీ ఇంజిన్ రెండూ బీఎంసీ కంపెనీ బీ సిరీస్ కుటుంబానికి చెందినవే. అంబాసిడర్ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 73 మిల్లీమీటర్లు, ఎంజీబీ బోరు 80.26 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం మాత్రం రెండింటికీ ఒక్కటే, 88.9 మిల్లీమీటర్లు. అంబాసిడర్ ట్యాక్సీలకు వాల్వులను కదిపే టాపెట్లు బిగించి, ప్లగ్గు మెరుపును పుట్టించే పాయింట్లు సరిచేసి చేతులు పండిన ఉస్తాద్‌లు ఈ నగరంలో ఇంకా ఉన్నారు. స్పిట్‌ఫైర్ విషయమూ ఇంచుమించు ఇంతే. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు అది దగ్గరి బంధువు. కాబట్టి ఈ కార్లను బాగుచేసే విద్య మన దగ్గర లేదనుకుని ఇంజిన్‌నే తీసిపారేయడం తొందరపాటు అవుతుంది.

హెడ్ ప్లేనింగ్ గురించి నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. 2004లో నేనూ అదే పని చేయించాను. ఒక వర్క్‌షాపులో హెడ్ ఇచ్చి, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్క) పెరిగితే పికప్ వస్తుందన్న మాట నమ్మి, ఎంత తీయాలో లెక్క అడగకుండా ఊరుకున్నాను. మెషిన్ షాపులో మైక్రోమీటర్ పట్టుకుని బతికిన నేను నా సొంత ఇంజిన్ విషయంలో కొలత అడగకపోవడం ఈనాటికీ నన్ను బాధించే సంగతి. మొదటి వారం కారు నిజంగానే చురుగ్గా నడిచింది. మే నెలలో అనంతగిరి కొండల నుంచి తిరిగి వస్తుండగా, ఎక్కుడు రోడ్డు మీద టాప్ గేర్‌లో ఇంజిన్ కణకణమని నాకింగ్ కొట్టడం, అంటే లోపలి పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే అంటుకోవడం, మొదలుపెట్టింది. వికారాబాద్ చేరేసరికి రెండో, మూడో సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ కాలిపోయింది. విప్పి చూస్తే మూడో పిస్టన్‌లో రింగుల మధ్య గట్టు విరిగి ఉంది.

ఆ తరువాత కూర్చుని చేసిన లెక్క ఇది. ఒక్కో సిలిండర్ 449.5 సీసీ గాలిని లాగుతుంది. కంప్రెషన్ నిష్పత్తి 8.8 కావాలంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ 57.6 సీసీ ఉండాలి. నా హెడ్ నుంచి దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు కోసేశారు. బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టంతో కిరోసిన్ పోసి కొలిస్తే మొత్తం ఖాళీ 47 సీసీకి పడిపోయిందని తేలింది. అంటే నిష్పత్తి పదిన్నర దాటింది. అప్పటి మామూలు పెట్రోలు ఆక్టేన్, అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, 88. ఆ పెట్రోలుతో, ఆ ఎండలో, పోత ఇనుప హెడ్ ఉన్న ఇంజిన్‌కు అంత కంప్రెషన్ పెట్టడం ఇంజిన్‌ను చంపడమే. హెడ్ విప్పినప్పుడు ఒక అద్దపు పలకకు చిన్న రంధ్రం చేసి, గ్రీజుతో చాంబరు మీద అతికించి, బ్యూరెట్‌తో కొలవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట నేను వెచ్చించి ఉంటే పిస్టన్ మిగిలేది.

అసలు శక్తి ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి ఆలోచిస్తే మిగతా విషయాలన్నీ దారిలో పడతాయి. ఇంజిన్ గాలిని లాగి, దానికి తగినంత పెట్రోలు కలిపి, సరైన క్షణంలో మండించి, పొగను బయటికి తోసే యంత్రం. ఎంత గాలి లోపలికి పోయింది, ఎంత బాగా మండింది, నిమిషానికి ఎన్నిసార్లు ఆ పని జరిగింది అనే ఈ మూడింటి మీదే హార్స్‌పవర్ ఆధారపడుతుంది. యాభై అరవై ఏళ్లు నడిచిన ఇంజిన్‌లో ఈ మూడింటిలోనూ నష్టం జరిగి ఉంటుంది. యజమాని మాత్రం తన ఇంజిన్ ఇంకా 95 హార్స్‌పవర్ ఇస్తున్నదనుకుని, దాని మీద మరో ఇరవై కావాలని బయలుదేరతాడు. చక్రాలను రోలర్ల మీద తిప్పి శక్తిని కొలిచే డైనో మీదికి నా కారును వేరే నగరానికి లారీలో తీసుకువెళ్లినప్పుడు, చక్రాల దగ్గర చూపించినది 54 హార్స్‌పవర్. గేర్‌బాక్సులో, వెనుక ఇరుసులో పోయే శక్తిని కలుపుకున్నా, కంపెనీ చెప్పిన లెక్కకు అది చాలా దూరం. కొత్త సామాను ఏదీ కొనకుండా, ఉన్నదాన్ని సరిచేసి రెండోసారి వెళితే 69 వచ్చింది. అంటే నేను వెతుకుతున్న శక్తిలో సగానికి పైగా నా ఇంజిన్‌లోనే పోగొట్టుకుని ఉంది.

ఆ పదిహేను హార్స్‌పవర్ ఎక్కడ దొరికాయో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇవి ఏ పాత కారులోనైనా ఉండే లోపాలే. మొదట ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులన్నీ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ గేజ్‌తో చూశాం. గేజ్ చూపే అంకె ఎంత అన్నదానికంటే నాలుగింటి మధ్య తేడా పది శాతం లోపల ఉందా అన్నది ముఖ్యం. తక్కువ చూపించిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, అంకె పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల దగ్గర లీకు ఉన్నట్టు. నా కారులో ఒక వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదు. టాపెట్ల గ్యాపు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్‌తో చూస్తే ఎనిమిదింటిలో మూడు మాత్రమే సరిగ్గా ఉన్నాయి. ఇవి అయ్యాక తోచిన ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. పెడల్‌ను నేలకు ఆనేంత తొక్కినా కార్బొరేటర్ల లోపలి రెక్కలు ముప్పావు వంతే తెరుచుకుంటున్నాయి. మధ్యలో కడ్డీల కీళ్లు అరిగిపోయాయి. పెడల్ కింద ఎప్పుడో వేయించిన మందపాటి కార్పెట్ మిగతా దూరాన్ని తినేసింది. శక్తి పెంచే సామానుకు వేల రూపాయలు పోసేముందు, ఒకరిని సీట్లో కూర్చోబెట్టి పెడల్ తొక్కించి, గాలి ఫిల్టర్ విప్పి కార్బొరేటర్ గొంతులోకి చూడమని ప్రతి పాత కారు యజమానినీ వేడుకుంటున్నాను.

ప్లగ్గు మెరుపు ఏ క్షణంలో పడాలో నిర్ణయించే ఇగ్నిషన్ టైమింగ్ దగ్గర మన షెడ్లలో ఎక్కువ తప్పులు జరుగుతాయి. చెవితో విని, ప్లగ్గులకు మెరుపు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త అటూ ఇటూ తిప్పి, ఇంజిన్ ఎక్కడ బాగా పలికితే అక్కడ బిగించడం మన అలవాటు. ఐడ్లింగ్‌లో బాగా పలికిన టైమింగ్ 4000 ఆర్‌పీఎం దగ్గర సరైనది అవుతుందన్న హామీ లేదు. ఈ ఇంజిన్‌కు ఆగి ఉన్నప్పుడు పెట్టే స్టాటిక్ టైమింగ్ పిస్టన్ పై కొసకు రావడానికి 10 డిగ్రీల ముందు. వేగం పెరిగేకొద్దీ డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు స్ప్రింగులను సాగదీసి దాన్ని ముప్పై డిగ్రీలు దాటేదాకా జరపాలి. యాభై ఏళ్లకు ఆ స్ప్రింగులు సాగిపోయి ఉంటాయి, లేదా బరువుల పిన్నులు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటాయి. మొదటి పరిస్థితిలో మెరుపు ముందుగా పడి నాకింగ్ వస్తుంది. రెండో పరిస్థితిలో ఆలస్యమై శక్తి పోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, సైలెన్సర్ పైపు ఎర్రబడుతుంది. దీన్ని ప్లగ్గు మెరుపుతో పాటే వెలిగే టైమింగ్ లైటుతో, వేగాన్ని ఐదు వందల ఆర్‌పీఎం చొప్పున పెంచుతూ కాగితం మీద రాసుకుంటేనే తెలుస్తుంది. అంతకన్నా ముందు, క్రాంక్ పుల్లీ మీద ఉన్న గుర్తును నమ్మవచ్చో లేదో చూడాలి. కొన్ని పుల్లీలు రెండు ఇనుప చక్రాల మధ్య రబ్బరుతో అతికించి చేసినవి. రబ్బరు పాతబడి బయటి చక్రం జారితే గుర్తు కూడా దానితోపాటే జారుతుంది. నా కారులో అది నాలుగు డిగ్రీలు తప్పింది. ప్లగ్గు రంధ్రంలో ఒక ఆపుడు బోల్టు పెట్టి, ఇంజిన్‌ను చేత్తో రెండు వైపులా తిప్పి, ఆగిన చోట పుల్లీ మీద గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య బిందువును పిస్టన్ పై కొసగా తీసుకుని కొత్త గీత గీశాను. పాయింట్ల గ్యాపు 0.38 మిల్లీమీటర్లు, ప్లగ్గు గ్యాపు 0.64 మిల్లీమీటర్లు, ఇవి అందరికీ తెలిసినవే.

కార్బొరేటర్ల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది, కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. ఎంజీబీకి రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు ఉంటాయి, ఒక్కోదాని గొంతు అంగుళంన్నర. ఇంజిన్ ఎంత గాలి లాగుతుందో దాన్ని బట్టి లోపలి పిస్టన్ తనంతట తాను లేచి గొంతు వెడల్పును మార్చుకుంటుంది. ఆ పిస్టన్‌కు బిగించిన సన్నని కొసదేరిన సూది పైకి లేచేకొద్దీ జెట్ రంధ్రం నుంచి ఎక్కువ పెట్రోలు వస్తుంది. ఇంత తెలివైన ఏర్పాటును తీసేసి పెద్ద వెబర్ కార్బొరేటర్ పెట్టించుకుంటే శక్తి దానంతట అదే వస్తుందనే నమ్మకం మన కుర్రవాళ్లలో బలంగా ఉంది. రేసు ట్రాక్ మీద ఎప్పుడూ ఎక్కువ ఆర్‌పీఎంలో తిరిగే ఇంజిన్‌కు వెబర్ మంచిదే. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర మొదటి గేర్‌లో కదిలే కారుకు ఆ పెద్ద గొంతుల వల్ల మేలు కంటే ఇబ్బంది ఎక్కువ. ఎస్‌యూలో అరిగేది థ్రాటిల్ కడ్డీ. అది అరిగితే పక్క నుంచి దొంగగాలి లోపలికి పోయి, ఏ సెట్టింగూ నిలవదు. లేత్ మీద కొత్త బుష్‌లు చేయించి వేయడం మన మెషిన్ షాపులకు కష్టమైన పని కాదు. తరువాత రెండు కార్బొరేటర్లూ సమానంగా గాలి లాగుతున్నాయో లేదో చూసి, జెట్ కింద ఉండే ఆరు పలకల నట్టును ఒక్కో పలక చొప్పున తిప్పుతూ మిశ్రమాన్ని సరిచేయాలి. పిస్టన్‌ను పక్కనున్న పిన్నుతో ఒక మిల్లీమీటరు లోపల లేపినప్పుడు వేగం పెరిగి అలాగే నిలిస్తే మిశ్రమం చిక్కన (పెట్రోలు ఎక్కువ), ఇంజిన్ ఆగబోతే పలచన (పెట్రోలు తక్కువ), ఒక్క క్షణం పెరిగి మామూలు స్థితికి వస్తే సరైనది. ఇది ఐడ్లింగ్‌కు మాత్రమే చెల్లుతుంది. పూర్తి వేగం దగ్గర మిశ్రమం సూది ఆకారం మీద ఆధారపడుతుంది. ఎస్‌యూ సూదుల లావును అంగుళంలో ఎనిమిదో వంతుకు ఒకచోట కొలిచి పట్టికలు వేశారు కాబట్టి, ఎక్కడ పలచబడుతోందో తెలిస్తే అక్కడ సన్నగా ఉన్న సూదిని వెతుక్కోవచ్చు. ఎక్కడ పలచబడుతోందో తెలుసుకోవడానికి సైలెన్సర్ పైపుకు ఒక నట్టు వెల్డింగ్ చేయించి, పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే లాంబ్డా సెన్సర్ బిగిస్తే చాలు. కొత్త కార్ల పరిజ్ఞానంలో పాత కారుకు నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది ఇదొక్కటే.

ఈ సూది గురించి ఇంతగా చెప్పడానికి మరో కారణం మన పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంది. పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో దాదాపు 14.7 రెట్లు గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. ఈ 20 శాతం కలిసిన ఇంధనానికి ఆ లెక్క సుమారు 13.5కు దిగుతుంది. కార్బొరేటర్‌కు ఈ మార్పు తెలియదు. పాత సూదితో, పాత సెట్టింగుతో అది ఇంతకుముందు ఇచ్చినంతే ఇస్తుంది కాబట్టి మిశ్రమం సుమారు 8 శాతం పలచబడుతుంది. పలచని మిశ్రమం అంటే శక్తి తగ్గుదల, ఎగ్జాస్ట్ వాల్వుల మీద అదనపు వేడి. కొత్త కార్లలో కంప్యూటర్ దాన్ని సరిచేసుకుంటుంది. పాత కారులో మనమే సరిచేయాలి. పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రమ్, కార్బొరేటర్ కార్కు సీళ్లు ఇథనాల్‌ను తట్టుకునేవి వేసుకోవాలి. కారును నెలల తరబడి ఆపి ఉంచేటప్పుడు ట్యాంకులో తేమ చేరకుండా చూసుకోవాలి. ఇథనాల్ వల్ల ఆక్టేన్ పెరుగుతుంది, అది నాకింగ్‌కు మంచిదే. కానీ 100 ఆక్టేన్ పెట్రోలు పోయిస్తే శక్తి పెరుగుతుందని కొందరు అనుకోవడం పొరపాటు. ఇంజిన్‌కు నాకింగ్ లేనప్పుడు అదనపు ఆక్టేన్‌తో దానికి పనిలేదు. ఇంకో మాట: మన దేశంలో 2000 సంవత్సరం నుంచి సీసం కలపని పెట్రోలే వస్తున్నది. పాత ఇంజిన్లలో మెత్తటి పోత ఇనుప వాల్వు సీట్లకు ఆ సీసమే రక్షణగా ఉండేది. హెడ్ ఎలాగూ విప్పితే గట్టి ఉక్కు సీట్లు వేయించడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

హైదరాబాద్ గాలి లెక్కను కూడా ఎవరూ పట్టించుకోరు. మన నగరం సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఈ ఎత్తులో గాలి ఒత్తిడి దాదాపు ఆరు శాతం తక్కువ, కాబట్టి కంపెనీ చెప్పిన 95లో ఐదారు ఇక్కడ ఎప్పటికీ కనబడవు. దాని మీద వేడి: గాలి పది డిగ్రీలు వేడెక్కితే అదే పరిమాణంలో గాలి బరువు సుమారు మూడు శాతం తగ్గుతుంది. ఎంజీబీలో కార్బొరేటర్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మే నెలలో బానెట్ కింద నుంచి వేడి గాలి పీల్చే ఇంజిన్‌కు, కారు ముందు భాగం నుంచి చల్లని గాలి తెచ్చే ఒక గొట్టం, కార్బొరేటర్లకూ ఎగ్జాస్ట్‌కూ మధ్య ఒక వేడి అడ్డుపలక అమర్చితే, పెద్ద పెద్ద సామాను ఇవ్వలేని లాభం చాలా తక్కువ ఖర్చుతో వస్తుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం మానేయాలి. మన బోరు నీటిలోని ఉప్పు గొట్టాల లోపల గారలా పేరుకుని, ఇంజిన్ వేడెక్కితే దాన్ని ట్యూనింగ్ తప్పు అనుకుని టైమింగ్ వెనక్కి తిప్పేవాళ్లను చూశాను. టైమింగ్ వెనక్కి పోతే వేడి మరింత పెరుగుతుంది.

ఇవన్నీ అయిన తరువాతనే హెడ్ మీద పని మొదలుపెట్టాలి. బీ సిరీస్ హెడ్‌కు ఒక పుట్టు లక్షణం ఉంది: నాలుగు సిలిండర్లకు లోపలికి పోయే దారులు రెండే, బయటికి వచ్చే దారులు మూడు. మంటలు అంటుకునే వరుస 1-3-4-2 కావడంతో, ఒకే దారిని పంచుకునే మూడో, నాలుగో సిలిండర్లు వెంటవెంటనే గాలి లాగుతాయి, ఆ తరువాత రెండో, ఒకటో సిలిండర్లు అలాగే చేస్తాయి. ఒకదాని వాటాను ఇంకొకటి లాక్కుంటుంది. ఈ పరిమితి ఎంత పాలిష్ చేసినా పోదు. చాలామంది దారి గోడలను అద్దంలా మెరిపించడానికి రోజులు వెచ్చిస్తారు. గాలికి నిజంగా అడ్డు వచ్చేది వాల్వు సీటుకు చుట్టుపక్కల ఒకటి రెండు సెంటీమీటర్ల లోపలే. సీటును మూడు కోణాలలో కోయించి, దాని కింద అంచును నునుపుగా కలిపి, వాల్వు కాడ నడిచే గైడు గాలి దారిలోకి పొడుచుకురాకుండా చూస్తే లాభంలో ఎక్కువ భాగం అక్కడే వస్తుంది. కంప్రెషన్‌ను మన వేడిలో 9.5 దాటించకూడదని నా అనుభవం, ఖాళీ 57.6 నుంచి 52.9 సీసీకి రావాలి, అంటే కోత ఒక మిల్లీమీటరుకు కాస్త పైన మాత్రమే. అది కూడా ముందు కొలిచి, కొద్దిగా తీసి, మళ్లీ కొలిచి చేయాలి. అసలు పోత ఇనుప ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మంచి ఆకారంలోనే ఉంది, దాన్ని తీసేయనక్కర్లేదు. సైలెన్సర్ శబ్దానికీ శక్తికీ ముడిపెట్టవద్దు. రాత్రి పది గంటలకు వీధి అంతా లేచేలా అరిచే కారు డైనో మీద సాధారణ కారు కంటే తక్కువ చూపించడం నేను కళ్లారా చూశాను.

క్యామ్‌షాఫ్ట్ మార్పు గురించి క్లుప్తంగా చెబుతాను. వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ పై ఆర్‌పీఎంలో శక్తి ఇస్తుంది, కింది ఆర్‌పీఎంలో లాగే బలాన్ని తీసుకుంటుంది. ఈ ఇంజిన్ అందం అంతా 3000 ఆర్‌పీఎం దగ్గర ఉన్న బలంలోనే ఉంది. పైగా 88.9 మిల్లీమీటర్ల పొడవాటి స్ట్రోక్ వల్ల 5400 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 16 మీటర్లు. 6500కు తీసుకుపోతే 19 దాటుతుంది, కనెక్టింగ్ రాడ్ల మీద లాగుడు దాదాపు 45 శాతం పెరుగుతుంది. నగరంలో, అప్పుడప్పుడూ నర్సాపూర్ అడవి దారిలో తిరిగే కారుకు ఆ ప్రమాదం అక్కర్లేదు. నేను క్యామ్ మార్చలేదు. వాల్వు సీట్లు, హెడ్, సూదులు, చల్లగాలి గొట్టం పూర్తి చేసి మూడోసారి డైనో ఎక్కిస్తే చక్రాల దగ్గర 82 వచ్చింది. అప్పటికి ముందు బ్రేకు ప్యాడ్లు, వెనుక డ్రమ్ముల లైనింగులు, టైర్లు కూడా కొత్తవి వేయించాను; వేగం పెంచినవాడు ఆపే బాధ్యత కూడా తీసుకోవాలి.

ఇక వ్యాసంలో సూచించిన ఇంజిన్ మార్పిడి సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను స్పష్టంగా సమర్థించింది. అంతకంటే ముఖ్యమైనది, 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, పెద్ద మార్పులకు లోనుకాని వాహనాలకే 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. పదేళ్లకు రుసుము 20 వేల రూపాయలు. తాతగారి కారులో ఇప్పటి ఇంజిన్ దూర్చినవాడు ఆ గుర్తింపును చేజేతులా పోగొట్టుకుంటాడు. వాల్వు సీట్లు, కార్బొరేటర్ సూదులు, డిస్ట్రిబ్యూటర్ స్ప్రింగులు సరిచేసినవాడి కారు బయటికి 1967లో ఎలా ఉందో అలాగే ఉంటుంది, ఇంజిన్ నంబరు మారదు. అయితే ఇలాంటి లోపలి పనులను 'పెద్ద మార్పు'గా చూస్తారా లేదా అన్న సందేహం యజమానులలో ఉంది కాబట్టి, రవాణా శాఖ వారు దీనిపై సరళమైన తెలుగులో ఒక వివరణ విడుదల చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మరో విన్నపం మల్లేపల్లి ఐటీఐ వారికీ, బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వారికీ. కార్బొరేటర్, పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ తెలిసిన ఉస్తాద్‌లు వయసు మీదపడి ఒక్కొక్కరే షెడ్లు మూసుకుంటున్నారు. వారిని పిలిచి, వారాంతాల్లో నాలుగు వారాల తరగతి ఒకటి నడిపితే, చెవితో చేసే వారి పనికి టైమింగ్ లైటు, బ్యూరెట్, డయల్ గేజ్ తోడైతే, ఈ నగరంలో పాత ఇంజిన్లను కొలిచి బాగుచేయగల కొత్త తరం తయారవుతుంది. నాకు తెలిసినంతవరకు వచ్చి చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను, పారితోషికం అక్కర్లేదు. మీ వ్యాసంలోని ఆ భాగానికి సవరణ కూడా ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

స్పిట్‌ఫైర్ కుర్రవాడు కారును షెడ్డుకు పంపలేదు. మొన్న ఆదివారం మా వాకిట్లో ప్లగ్గులు విప్పి కంప్రెషన్ చూశాం. మూడు సిలిండర్లు దాదాపు సమానంగా ఉన్నాయి, రెండోది బాగా తక్కువ చూపించింది. ఆయిల్ పోసినా పెరగలేదు. టాపెట్ కవరు తీస్తే ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వుకు అసలు గ్యాపే లేదు. 0.25 మిల్లీమీటర్లకు సరిచేసి, ఇంజిన్ కాసేపు నడిపి మళ్లీ చూస్తే మిగతావాటికి చాలా దగ్గరికి వచ్చింది. వచ్చే ఆదివారం డిస్ట్రిబ్యూటర్ విప్పుతాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత మెషిన్ షాపు ఉద్యోగి,
పద్మారావునగర్, సికింద్రాబాద్